మ్యాప్‌లో మా ఊరు లేదు: చెకిన్ యాప్‌ను ఆరేళ్లు వాడాక నా రివ్యూ

కర్నూలు పాతబస్తీలో మాకు ఒక ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలతో మొదలుపెట్టి ఇప్పుడు పెళ్లిళ్లు, ప్రీ వెడ్డింగ్ షూట్ల దాకా వచ్చాం. ఆరేళ్లుగా స్టూడియో పనికీ, నా సొంతానికీ ఒక యాప్ వాడుతున్నాను. మనం ఎక్కడున్నామో చెప్పి (దీన్నే చెకిన్ అంటారు), అక్కడి ఫోటో పెట్టి, ఆ చోటికి స్టార్లు ఇచ్చి, తెలిసినవాళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో చూసుకునే యాప్ ఇది. మన పేరు మీద ఒక మ్యాప్ తయారవుతుంది. మనం అడుగు పెట్టిన ప్రతి చోటా దాని మీద ఒక గుర్తు పడుతుంది. నా మ్యాప్ మీద ఇప్పటికి 412 గుర్తులు ఉన్నాయి.

యాప్ పేరు రాయను. దానితో నాకు ఒక పేచీ ఉంది, అది ఇంకా తేలలేదు. తేలకముందే పేరు పెట్టి రాయడం సబబు కాదు. ఈ రకం యాప్‌లన్నీ దాదాపు ఒకే పద్ధతిలో పని చేస్తాయి కాబట్టి మీ ఫోన్లో ఉన్నదాన్ని మనసులో పెట్టుకుని చదవండి.

ముందు దారి సంగతి. ఈ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒకప్పుడు పెళ్లికి లైట్లు మోసే పిల్లలకు అడ్రసు చెప్పడమే సగం పని. "బళ్లారి చౌరస్తాకి వచ్చి ఫోన్ చెయ్యి, అక్కడ నుంచి చెప్తా" అనేవాళ్లం. ఇప్పుడు నా లొకేషన్ ఒకటి పంపితే చాలు, అలంపూర్ అవతల పల్లెలో తెల్లవారుజామున 4 గంటల ముహూర్తానికి కూడా సామానుతో సహా వచ్చేస్తారు. స్టూడియోకి వచ్చే కొత్త కస్టమర్లలో ఎక్కువమంది యాప్‌లో ఫోటోలు చూసి వచ్చేవాళ్లే. ఒకసారి మా గుర్తు పక్క సందులో పడింది. సరిచేయమని రాస్తే రెండు రోజుల్లో సరిచేశారు. ఇంతవరకూ ఐదుకి ఐదు స్టార్లు ఇస్తాను.

పేచీ వేరే చోట ఉంది. అది చెప్పాలంటే బురుజు దగ్గర మొదలుపెట్టాలి.

కొండారెడ్డి బురుజు దగ్గర నేను ఎన్ని జంటలకు ఫోటోలు తీశానో లెక్క లేదు. వచ్చేవాళ్లు ఫోన్ తీసి చూపిస్తారు. "అన్నా, ఇదే యాంగిల్ కావాల, కింద నుంచి." యాప్‌లో ఆ బురుజు పేరు నొక్కి చూడండి. మొదటి వంద ఫోటోల్లో ఎనభై ఒకే చోట నిలబడి, ఒకే ఎత్తు నుంచి తీసినవి. ఎక్కువ లైకులు వచ్చిన ఫోటోను యాప్ పైన పెడుతుంది. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని చూసి అలాగే తీయించుకుంటారు. అది మళ్లీ పైకి పోతుంది. పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలిన బురుజు అది. అలంపూరును ఏలిన కొండారెడ్డిని అందులో బంధించారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెప్తారు. ఆ ఎనభై ఫోటోల్లో ఈ కథ ఒక్కదాని కింద కూడా లేదు. తెల్ల చొక్కా, మెలితిప్పిన మీసం, కింద కత్తి బొమ్మ ఉంటాయి. సినిమాలు చూసి బయటివాళ్లు మా ఊరిని ఎలా అనుకున్నారో, మా పిల్లలు కూడా తమను తాము అలాగే చూసుకోవడం మొదలుపెట్టారు. కెమెరా వెనక నిలబడి రోజూ దీన్ని చూస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను. పదో తరగతి పిల్లోడు కూడా బురుజు ముందుకు రాగానే నవ్వడం మానేస్తాడు. ఇంట్లో ఎంత కలివిడిగా ఉండే పిల్లోడైనా సరే. ఆ గుర్తు కింద పెట్టే ఫోటోలో నవ్వకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకున్నాడు.

దీనికి యాప్ ఒక్కటే కారణం అనను. కానీ ఒక చోటును ఎలా చూడాలో అది ముందే చూపించేస్తోంది. మనం పోయేలోపే ఆ చోటు మన కళ్లల్లో తయారై ఉంటోంది.

రెండేళ్ల కిందట ఒక పెళ్లికూతురు వచ్చింది. "బురుజు వద్దన్నా, మా తాతను తీసుకొస్తా, సి క్యాంపులో తీయండి" అంది. ఆ తాతకు తొంభై దాటాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆయన కుర్ర గుమాస్తా. గుడారాల్లో ఆఫీసులు నడిచిన రోజులు అవి. 1956లో రాజధాని హైదరాబాద్ వెళ్లిపోయింది, ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్న పేర్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. పాత క్వార్టర్ల వరసలో ఒక వేపచెట్టు దగ్గర ఆగి, తను ఫైళ్లు పట్టుకుని ఏ దారిన నడిచేవాడో మనవరాలికి చేయి ఊపి చూపించాడు ఆ పెద్దాయన. నేను తీసిన మంచి ఫోటోల్లో అదొకటి. యాప్‌లో పెడితే 11 లైకులు వచ్చాయి. వాళ్లింట్లో మాత్రం పెద్దది చేయించి హాల్లో పెట్టుకున్నారు.

సంగమేశ్వరం సంగతి ఇంకొకటి. కర్నూలు వాళ్లకు రెండు సంగమేశ్వరాలు ఉన్నాయి. ఒకటి కృష్ణ, తుంగభద్ర, భవనాశి లాంటి ఏడు నదులు కలిసే చోట, శ్రీశైలం జలాశయంలో ఉంది. వేపకర్రతో చేసిన శివలింగం ఉన్న గుడి అది. జలాశయం నిండితే మునిగిపోతుంది, నీళ్లు తగ్గితే బయటికి వస్తుంది. రెండోది కర్నూలులోనే జగన్నాథగట్టు మీద ఉన్న రూపాల సంగమేశ్వరాలయం. మునిగిపోతుందని ఆ సంగమం దగ్గరున్న పాత రాతి గుడిని విప్పి తెచ్చి గట్టు మీద మళ్లీ కట్టారు. హైదరాబాద్ నుంచి ఒక జంట షూట్ కోసం బయల్దేరింది. నేను నందికొట్కూరు దాటి నీళ్ల ఒడ్డున ఎదురుచూస్తున్నాను, వాళ్లు జగన్నాథగట్టు మీద నిలబడి "అన్నా, నీళ్లు ఎక్కడ?" అని ఫోన్ చేశారు. యాప్‌లో రెండూ ఒకే పేరుతో ఉన్నాయి. రెండు పేర్లూ నిజమే, యాప్ తప్పు చూపలేదు. రాళ్లు ఒకచోట, దేవుడున్న నేల ఇంకోచోట. దీన్ని ఒక గుర్తు కింద ఎలా చెప్పాలో ఆ యాప్ తయారుచేసినవాళ్లు ఆలోచించి ఉండరు. ఆ రోజు మంచి వెలుతురు పోయింది. అయితే వాళ్లను గట్టు మీదే ఉండమని నేనే వెనక్కి వచ్చాను, ఆ రాతి గోడల మీద సాయంత్రం ఎండలో ఫోటోలు బాగా వచ్చాయి. తీరిక ఉంటే ఆ గుడి తప్పక చూడండి.

జిల్లా పేర్లు కూడా గందరగోళం చేశాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది. యాగంటి, బెలూం గుహలు, అహోబిలం, మహానంది, శ్రీశైలం అన్నీ అటు పోయాయి. నా పాత ఫోటోల కింద నేను రాసుకున్న "మా కర్నూలు" అలాగే ఉంది, యాప్ మాత్రం పైన నంద్యాల జిల్లా అని చూపిస్తోంది. ప్రభుత్వం గీసిన గీత అది, దాన్ని పాటించక తప్పదు. నేను నా మాట మార్చలేదు, మార్చను కూడా.

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను.

మాది శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిన ఊరు. 1981 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లను ఖాళీ చేయించారు. మా నాయనకు అప్పుడు ఇరవై ఏడేళ్లు. ఎద్దులబండి మీద దూలాలు, తలవాకిలి విప్పి తెచ్చుకున్నాడు. ఇప్పుడు కర్నూలులో మా ఇంటికి ఉన్న తలవాకిలి ఆ ఊరిదే. పసుపు రాసేటప్పుడు మా అవ్వ ఆ గడపను ఊరి పేరు పెట్టి పిలిచేది. నేను ఆ ఊరు మునిగాక పుట్టాను. అయినా ఎవరైనా "యా ఊరప్పా మీది?" అని అడిగితే నా నోట ముందు వచ్చేది ఆ పేరే. ఇక్కడ రాయడం లేదు. మా ఇంటిపేరు కూడా అదే, రాస్తే మమ్మల్ని పట్టేస్తారు.

మన దగ్గర ఇంటిపేర్లు చాలావరకు ఊరి పేర్లే కదా. ఎవరి తాత ముత్తాతలు ఎక్కడ నుంచి వచ్చారో ఆ చోటు పేరు మనిషి పేరుకు ముందు నిలబడుతుంది. పిల్లలు ఎన్ని ఊళ్లు మారినా అది మారదు. యాప్‌లో పద్ధతి తిరగబడింది. ఈ నిమిషం మనం నిలబడ్డ చోటే మన గుర్తు. "ఎక్కడున్నారు?" అని యాప్ అడుగుతుంది, ఫోన్ ఉన్న చోటు చూసుకుని చుట్టుపక్కల తన దగ్గర నమోదైన పేర్ల జాబితా ఇస్తుంది, అందులోంచి ఒకటి ఎంచుకోమంటుంది. జాబితాలో ఉన్నవాళ్లకు అది సుఖమే. అందులో మాకు చోటు లేదు.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో నీళ్లు బాగా దిగాయని తెలిసి నాయనను తీసుకుని వెళ్లాను. నందికొట్కూరు దాటాక తారురోడ్డు, తర్వాత మట్టిరోడ్డు, తర్వాత రోడ్డే లేదు. నల్లరేగడి పగుళ్లు తీసి ఉంది. నీళ్లు దిగిన చోట కొందరు పైరు కూడా వేసుకున్నారు. నేను ఫోన్ చూసుకుంటూ నడుస్తున్నాను. తెర మీద నా నీలం చుక్క నీళ్ల మధ్యలో ఉంది. కింద నేల గట్టిగా ఉంది, కాలికి దుమ్ము అంటుతోంది, ఫోన్ మాత్రం నేను జలాశయం నడిమధ్యలో ఉన్నానంటోంది. నాయన ఫోన్ వైపు చూడలేదు. గుడి రాతి స్తంభాలు రెండు కనబడగానే ఆయన నడక మారింది. డెబ్బై దాటిన మనిషి, నేను వెనక పరుగు పెట్టాల్సి వచ్చింది. బావి ఒర దగ్గర ఆగి తూర్పుకి తిరిగి, "ఇదో, ఇది కొట్టం. ఈడ నుంచి పన్నెండు అడుగులేస్తే వాకిలి" అని లెక్కపెడుతూ నడిచాడు. పన్నెండో అడుగు దగ్గర రోలు ఉంది. సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. దాన్ని తవ్వుదామంటే వద్దన్నాడు.

వాకిలి ఉన్న చోట ఆయనను నిలబెట్టి ఫోటో తీశాను. అక్కడే యాప్ తెరిచి చెకిన్ నొక్కాను. జాబితాలో శ్రీశైలం జలాశయం ఉంది, కృష్ణా నది ఉంది, ఎక్కడో తొమ్మిది కిలోమీటర్ల అవతల దాబా ఉంది. కొత్త చోటు చేర్చే పేజీకి పోయి ఊరి పేరు తెలుగులో రాశాను. ఏ రకం చోటో చెప్పమంది. హోటలు, దుకాణం, ఆసుపత్రి, గుడి, పార్కు ఉన్నాయి. ఊరు అన్న మాట లేదు. చారిత్రక ప్రదేశం అని పెట్టి పంపాను. మూడు రోజులకు జవాబు వచ్చింది, ఆ చోటు ఉన్నట్టు నిర్ధారించలేకపోయారట. మళ్లీ ఫోటోలు, నాయన దగ్గరున్న నిర్వాసితుల సర్టిఫికెట్ జత చేసి పంపాను. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 98 కింద ఉద్యోగం కోసం తిరిగిన రోజుల్లో తాలూకా ఆఫీసులో పుట్టించుకున్న కాగితం అది. ఈ ఊరి మనిషివని ప్రభుత్వం రాసిచ్చిన కాగితానికి కూడా మళ్లీ అదే జవాబు. మూడోసారి పంపితే జవాబే లేదు.

వాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాను. ఎవరు ఏది రాస్తే అది పెట్టేస్తే యాప్ దొంగ పేర్లతో నిండిపోతుంది, ఆ జాగ్రత్త అవసరమే. కానీ కర్నూలు చుట్టూ హద్దురాళ్లు తప్ప ఒక్క ఇల్లు కూడా లేని వెంచర్లకు అదే యాప్‌లో గుర్తులు ఉన్నాయి, పేరు చివర సిటీ అని ఉంది, స్టార్లు కూడా పడ్డాయి. రాబోయే ఊరికి చోటు ఇచ్చినవాళ్లు, ఉండి మునిగిన ఊరికి ఎందుకు ఇవ్వరు? నాకు కోపం వచ్చింది అక్కడే. నాయనకు రాలేదు. "నీళ్లొచ్చినంక అది నీళ్లే గదరా" అన్నాడు.

ఇంకో విషయం కూడా ఆలోచించండి. ఇలాంటి యాప్‌లు తామే నిలబడలేదు. అమెరికాలో 2000 సంవత్సరంలో మొదలైన డాడ్జ్‌బాల్‌ను 2005లో గూగుల్ కొని 2009లో మూసేసింది. అదే 2009లో ఫోర్‌స్క్వేర్ వచ్చింది, ఒక చోటికి ఎక్కువసార్లు పోయినవాళ్లను ఆ చోటికి మేయర్ అనేవాళ్లు. 2014లో చెకిన్‌ల పని విడదీసి స్వార్మ్ అని వేరే యాప్ చేశారు, 2024 చివర ఫోర్‌స్క్వేర్ సిటీ గైడ్ యాప్‌ను ఆపేశారు. దానికి పోటీగా ఉన్న గొవాలా 2012లోనే మూతపడింది. జనం ఏళ్ల తరబడి పెట్టిన గుర్తులు కంపెనీ నిర్ణయం మీద ఆధారపడి ఉంటాయి. నా 412 గుర్తులు కూడా అంతే. ఈ సంగతి తెలిశాక ప్రతి నెలా నా ఫోటోలను హార్డ్ డిస్కులో వేసుకుంటున్నాను, ఫోటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా. మీరూ అలాగే చేయండి.

ఆ రోలు ఫోటోను మా ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కర్నూలు, నందికొట్కూరు, హైదరాబాద్, బెంగళూరు అంతా కలిపి 180 మంది ఉంటారు. రాత్రి పదకొండు దాకా మెసేజీలు ఆగలేదు. "మా ఇల్లు గుడికి ఎడమపక్క మూడోది." "బావి కాడ చింతచెట్టు ఉండెనే, దాని మొద్దు కనబడిందా?" హైదరాబాద్‌లో పుట్టిన ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒకడు అడిగాడు, "చిన్నాయనా, ప్రొఫైల్లో సొంత ఊరు అని అడుగుతుంది కదా, అక్కడ ఏం పెట్టాల? లిస్టులో మన ఊరు రావడం లేదు." వాడు అన్నేళ్లూ హైదరాబాద్ అని పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేసి, పేరు కింద తన గురించి రాసుకునే చోట ఊరి పేరు తెలుగులో రాసుకున్నాడు. వాడిని చూసి ఇంకో నలుగురు అలాగే చేశారు.

దీనికి ఒక దారి దొరికింది కూడా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని 2004 నుంచి ఉంది, జనం స్వయంగా గీసుకునే మ్యాప్. అక్కడ లైకులు ఉండవు, స్టార్లు ఉండవు, మనం ఎక్కడ తిరిగామో ఎవరికీ చూపదు. అక్కడ కూడా నేల మీద కనబడేదే పెట్టాలన్న నియమం ఉంది. అయితే ఎండాకాలం బయటపడే గుడి స్తంభాలు, బావి కళ్లకు కనబడేవే కదా, వాటిని శిథిలాలుగా తెలుగు పేరుతో చేర్చాను. ఇప్పటికి ఎవరూ తీసేయలేదు. మీదీ మునిగిన ఊరే అయితే మునక ముందు అచ్చైన సర్వే ఆఫ్ ఇండియా షీట్లు వెతకండి. వాటిలో ఈ ఊళ్ల పేర్లు, చెరువులు, బండిబాటలు ఉంటాయి.

భద్రత గురించి ఒక్క మాట. పెళ్లి ఇళ్లల్లో ఉండగానే లొకేషన్ పెట్టను, పని అయి బయటికి వచ్చాకే పెడతాను. నగలు ఉన్న ఇల్లు అది. మా అమ్మాయి ఫోన్లో కూడా లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకు మాత్రమే కనబడేలా పెట్టించాను. ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ సెట్టింగు ఒకసారి చూసుకోండి.

మొత్తం మీద మూడు స్టార్లు. దారికి, స్టూడియో వ్యాపారానికి ఐదు ఇచ్చాను. ఊరు అన్నదాన్ని అర్థం చేసుకోవడంలో ఒకటే. తెలుగులో వెతికితే సగం పేర్లు దొరకవు, ఇంగ్లీషు స్పెల్లింగుతోనే వెతకాలి, అందుకూ కొంత తగ్గించాను. యాప్ తీసేయమని ఎవరికీ చెప్పను, నేనూ తీసేయలేదు.

ఈసారి నీళ్లు దిగితే ఏప్రిల్ రెండో వారంలో గ్రూపులో నుంచి నలభై మంది దాకా వెళ్తున్నాం. నాయన ముందు నడుస్తాడు. ఎవరి వాకిలి ఎక్కడో వాళ్లను అక్కడ నిలబెట్టి నేను ఫోటోలు తీస్తాను, డబ్బులు తీసుకోను. ఆ చుట్టుపక్కల మునిగిన ఊళ్లవాళ్లు ఎవరైనా రావచ్చు. నందికొట్కూరులో ఆగి దారి మనుషులను అడిగి రండి, యాప్ చూపే దారి ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. నీళ్లు, టోపీ తెచ్చుకోండి, అక్కడ చెట్టు నీడ లేదు.